మూడోసారి అడగాలి

కిందటి వారం మిమ్మల్ని మా వంటింట్లో, పిండి చేతులతో నిలబెట్టి వెళ్ళిపోయాను. కాయింగ్ నా ఆడపడుచు. పదకొండో తరగతి. ఇంటిల్లిపాదికీ "మా చదువుల పిల్ల". కేకు డబ్బా వెనక ఏం రాసిందో చదివి చెప్పవే అంటే, డబ్బా ముందున్న బొమ్మ చూసి కథ అల్లేసింది. పాలు పొయ్యమంది. డబ్బా మీద పాల ఊసే లేదు. నేను డబ్బా అందుకుని చూసుకున్నాక తెలిసింది, దానికి చదవడం రాదని. తర్వాత అది నా మోచెయ్యి పట్టుకుని, "వదినా, నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పకు" అంది.

ఆ కేకు పొంగలేదు. అయినా మా ఆయన ఫెంగ్ రెండు ముక్కలు తిని, మూడోది చేత్తో పట్టుకుని లేచాడు. కొత్త పెళ్ళికొడుకుల ఆకలిని నమ్మొద్దని మా అమ్మ చెప్పింది కానీ, నాకు నమ్మాలనే ఉంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ నాకు అన్నీ బాగానే ఉంటున్నాయి. తెల్లవారకముందే లేచి బియ్యం ఆవిరికి పెట్టడం బాగుంది. బట్టలు ఆరబెట్టే యంత్రంలోంచి నా మేజోళ్ళూ ఫెంగ్ మేజోళ్ళూ ఒకదాన్నొకటి పట్టుకుని బయటికి రావడం మరీ బాగుంది. అందుకే కాబోలు, కాయింగ్ మాటకి నేను "చెప్పను" అనలేదు, "చెబుతా" అనీ అనలేదు. "చూద్దాంలే" అన్నాను. ఇంత బాగున్న ఇంట్లో ఏదైనా చూసి సరిచేయొచ్చనే ధైర్యం నాది.

సోమవారం పొద్దున ఎప్పటిలాగే కాయింగ్‌ని కారులో ఎక్కించుకున్నాను. నేను ఆసుపత్రిలో లావోస్ కొండల నుంచి వచ్చిన మా మోంగ్ వాళ్ళకి దుబాసీగా పనిచేస్తాను. దాని స్కూలు నా దారిలోనే. సీటు బెల్టు పెట్టుకోగానే అదే మొదలెట్టింది.

"అన్నయ్యకి చెప్పావా?"

"లేదు."

"అమ్మకి?"

"లేదే. ముందు నాకు చెప్పు. ఐదేళ్ళ నుంచీ ఎలా నెట్టుకొచ్చావ్?"

కాయింగ్ అద్దంలోంచి బయటికి చూసింది. థాయ్‌లాండ్ శరణార్థుల క్యాంపు నుంచి అమెరికాకి వచ్చినప్పుడు దానికి పదకొండేళ్ళు. వయసు చూసి ఆరో తరగతిలో కూర్చోబెట్టారు. అక్షరాలు ఎవరో ఒకళ్ళు ఈపాటికే నేర్పి ఉంటారని ఆ టీచరు అనుకుంది. ఏడో తరగతి టీచరు ఆరో తరగతిలో నేర్పి ఉంటారనుకుంది.

"ఏం లేదు వదినా. మెదలకుండా కూర్చుంటే చాలు. నల్లజుట్టు, ఆసియా మొహం, కుదురైన చేతిరాత. బోర్డు మీదున్నది ఉన్నట్టు దించేస్తా. వాళ్ళకి అది చాలు. మా క్లాసులో డీషాన్ నోరెత్తి 'నాకర్థం కాలేదు' అంటే వాడికి సాయం వస్తుంది. నేను చెయ్యెత్తబోతే సారు నవ్వి, 'నీకు అక్కర్లేదులే కాయింగ్' అంటాడు."

"మరి నువ్వు?"

"నేనూ నవ్వుతా. ఒకసారి నన్ను లెక్కల పోటీకి పంపారు తెలుసా?"

"నీకు లెక్కలొచ్చా?"

"ఆ ప్రశ్న అడిగింది నువ్వొక్కదానివే!"

ఇద్దరం నవ్వేశాం. 

"పోటీలో ఏమైంది మరి?"

"బస్సు దిగగానే కడుపులో తిప్పుతోందన్నాను. రోజంతా పక్క గదిలో పడుకోబెట్టి నారింజ రసం ఇచ్చారు."

స్కూలు ముందు ఆపాను. దిగబోతూ, తల మళ్ళీ లోపలికి పెట్టి, "చదివే పరీక్ష రెండుసార్లు పోయింది వదినా. అది గట్టెక్కకపోతే స్కూలు చదువు పూర్తయినట్టు డిప్లొమా ఇవ్వరు. ఇంటికి ఉత్తరాలొచ్చాయిలే" అంది.

"వస్తే ఎవరూ చూళ్ళేదా?"

"ఇంట్లో ఇంగ్లీషు ఉత్తరాలు చదివి చెప్పేది ఎవరనుకున్నావ్? నేనే!"

సంచీ భుజాన వేసుకుని, మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చెయ్యూపింది. ఎప్పుడూ అంతే. నా కారు మలుపు తిరిగేదాకా నిలబడి చెయ్యూపుతూనే ఉంటుంది. నాకు అదీ బాగుండేది.

మధ్యాహ్నం భోజనాల వేళ స్కూలుకి ఫోన్ చేశాను. పిల్లల చదువు బాగోగులు చూసే కౌన్సిలరు ఒకావిడ ఉంది, మిసెస్ హాల్వర్సన్. గొంతులోనే మంచితనం తెలుస్తుంది. వందలమంది పిల్లలకి ఆవిడ ఒక్కతే. విషయం చెప్పగానే, చదవడం వెనకబడినవాళ్ళకి ప్రత్యేకం ఒక క్లాసు ఉందనీ, ఈ ఏడాదికి అందులో ఒక్క చోటు మిగిలిందనీ, శుక్రవారంలోగా చెప్పాలనీ అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడావిడ మెల్లగా, "అయితే ఒక సంగతి. కాయింగ్‌కి ఈ క్లాసు మేము రెండేళ్ళ కిందటే ఇస్తామన్నాం. వాళ్ళ నాన్నగారు వద్దన్నారు" అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మామయ్య వద్దనడమా! కూతురు ఇంగ్లీషు చానెల్ చూస్తుంటే పక్కన కూర్చుని, ఏమీ అర్థం కాకపోయినా అది నవ్విన చోటల్లా తనూ నవ్వే మనిషి. ఆ సాయంత్రం దాకా నాకు ఆయన మీద కోపం. కోడలి కోపం బయటికి రాకూడదు కదా, అది లోపలే ఉడికి, ఆసుపత్రిలో ఒక ముసలావిడకి మందు రోజుకి రెండుసార్లు అని చెప్పబోయి గద్దించినట్టు చెప్పాను. "అలాగేనమ్మా, తిట్టకు" అంది పాపం.

పని అయ్యాక నేరుగా పొలానికి వెళ్ళాను. ఊరి బయట మావాళ్ళందరూ తలో చెక్కా కౌలుకి తీసుకున్న నేల అది. మర్నాడు మార్కెట్టు రోజు. అత్తయ్య చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉల్లికాడలు కట్టలు కడుతోంది. వ్యాను తలుపులు బార్లా తీసి రేడియో పెట్టారు. ఎవరో ముసలాయన క్యాంపు రోజుల పాట సాగదీస్తున్నాడు. మామయ్య సోంపు మొక్కల మధ్య రబ్బరు బూట్లతో వంగి ఉన్నాడు.

నేను కూర్చుని కొత్తిమీర అందుకున్నాను. కాసేపటికి అత్తయ్య నా చేతుల వంక చూసి, "ఏంటమ్మాయ్, అది కొత్తిమీరా, పెళ్ళికూతురా? జడ వేస్తున్నావా ఏంటి? లాగి కట్టు!" అంది.

"ఏదో ఆలోచిస్తున్నా అత్తయ్యా."

"మావాడి గురించేగా. సాయంత్రం ఇంటికొస్తాడులే, ఎక్కడికీ పోడు."

నా చెవులు వేడెక్కాయి. ఇక లాభం లేదని లేచి, సోంపు మడిలోకి వెళ్ళాను.

"మామయ్యా, ఒక మాట అడగొచ్చా?"

"పురుగు కనబడిందా?"

"కాదు. రెండేళ్ళ కింద కాయింగ్ స్కూలు నుంచి మీకు ఫోన్ వచ్చిందా?"

ఆయన నడుం ఎత్తి నిలబడ్డాడు. తడబడలేదు, తప్పుచేసినవాడిలా చూడలేదు. ఒక పాత చుట్టం పేరు విన్నట్టు ముఖం విప్పారింది.

"వచ్చింది! ఒక ఆడమనిషి. మన పిల్లాడొకడు పక్కనుండి ఆవిడ మాట మన మాటలో చెప్పాడు. కాయింగ్‌కి ఎక్కువ సాయం చేస్తాం, పంపిస్తారా అని."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? 'వద్దులెండి, మీకెందుకు శ్రమ, మా పిల్ల బాగానే ఉంది' అన్నా."

"ఎందుకు మామయ్యా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు, ఈ అమ్మాయిని కన్నవాళ్ళు ఏమీ నేర్పలేదా అన్నట్టు.

"ఎందుకేంటమ్మా? అడిగీ అడగ్గానే సరేనంటే ఆవిడ ఏమనుకుంటుంది? ఎప్పుడెప్పుడు అడుగుతారా అని కాచుక్కూర్చున్నాడు, పిల్లని మా నెత్తిన పడేశాడు అనుకోదూ? ఇంకోసారి చేస్తుందని చూశా. చెయ్యలేదు. ఆ వారమంతా ఫోను నడుముకే కట్టుకుని తిరిగా."

అత్తయ్య స్టూలు మీద నుంచే అందుకుంది. "స్నానానికెళ్ళినా తలుపు బయట పీట మీద పెట్టి వెళ్ళేవాడు. నేను మోగించి ఏడిపిద్దామనుకున్నా, పాపం అనిపించి ఊరుకున్నా."

"మళ్ళీ చెయ్యకపోయేసరికి, పిల్లకి అవసరం లేదని వాళ్ళే తేల్చుకున్నారనుకున్నా" అన్నాడు మామయ్య.

నా కోపం అంతా సోంపు వాసనలో కలిసిపోయింది. మా మామయ్య ఊళ్ళో పేరున్న పెళ్ళి మధ్యవర్తి. మాలో పెళ్ళి మాటలు తల్లిదండ్రులు మాట్లాడుకోరు, రెండు వైపులా మధ్యవర్తులు బల్లకి అటూ ఇటూ కూర్చుంటారు. నా పెళ్ళికి నేను లోపలి గదిలో కూర్చుని రోజంతా విన్నాను. వాళ్ళు సారా గిన్నె జరిపితే వీళ్ళు వద్దన్నారు. మళ్ళీ జరిపితే అబ్బే అన్నారు. మూడోసారి రెండు చేతులా అందుకున్నారు. మొదటిసారే పుచ్చుకునేవాడు లేకి మనిషి. ఒక్కసారే అడిగి ఊరుకునేవాడికి ఇవ్వాలని లేదన్నమాట. ఇందులో పుట్టి పెరిగిన మనిషికి ఫోన్‌లో ఒక్కసారి అడిగి పెట్టేస్తే ఏమర్థమవుతుంది?

"మామయ్యా, అమెరికా వాళ్ళు ఒక్కసారే అడుగుతారు."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే. వద్దంటే వద్దనే అనుకుంటారు."

ఆయన నిజంగా నిర్ఘాంతపోయాడు. "మరి వీళ్ళిళ్ళకి వచ్చిన చుట్టాలు ఏం తిని బతుకుతారమ్మా?"

నాకు నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు అయ్యేలోపే చెప్పెయ్యాలని తెలిసి, చెప్పేశాను. కాయింగ్‌కి చదవడం రాదని. కేకు డబ్బా సంగతి. పరీక్ష రెండుసార్లు పోవడం. డిప్లొమా రాకపోవచ్చన్న సంగతి. అత్తయ్య చేతిలోని ఉల్లికాడలు ఒళ్ళో పెట్టుకుంది. రేడియోలో ముసలాయన పాట ఆపి ఏదో బియ్యం ప్రకటన చెబుతున్నాడు.

మామయ్య బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"రాదంటే? అస్సలా?"

"చిన్న చిన్న మాటలు వచ్చు. పేజీ ఇస్తే రాదు."

చాలాసేపు ఆయన బూటుకంటిన మట్టిని పుల్లతో గీకాడు. "చదువు రానివాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? రోజూ అద్దంలో చూసుకునేదేగా. కాగితం చేతికిస్తే ఎటు చూస్తాడో, ఎలా నవ్వుతాడో... నా కూతురి మొహంలో మాత్రం చూడలేకపోయా."

"నేనూ చూడలేదు మామయ్యా. దాని టీచర్లూ చూడలేదు."

"వాళ్ళకేం తెలుసులే" అన్నాడు. లేచి బట్టలు దులుపుకున్నాడు. "రేపు మార్కెట్టు. ఎల్లుండి నువ్వూ నేనూ వెళ్దాం. ఏమేవ్, నువ్వు దోసకాయలు మంచివి నాలుగు విడిగా తీసిపెట్టు."

ఫెంగ్‌కి చెప్పలేదు. అది నా కోరికే. చోటు ఖాయం చేసుకుని వచ్చి, రాత్రి అన్నం దగ్గర ఏమీ ఎరగనట్టు చెబుదామనీ, అతని కళ్ళు ఎంత పెద్దవవుతాయో చూద్దామనీ. కిటికీల ఫ్యాక్టరీలో అతనిది పొద్దుటి షిఫ్టు. నేను లేచేసరికే వెళ్ళిపోతాడు. వెళ్తూ నా చెప్పులు తలుపు వైపు తిప్పి పెట్టి వెళ్తాడు, పొద్దున హడావిడిలో నేను తొడుక్కోవడానికి వీలుగా. ఎవరు నేర్పారో తెలీదు.

బుధవారం కాయింగ్‌ని మామూలుగానే స్కూలు దగ్గర దించి, అది చెయ్యూపాక, ఇంటికి తిరిగొచ్చి మామయ్యని ఎక్కించుకున్నాను. ఆయన సూటు వేసుకున్నాడు. ఒక చేతిలో దోసకాయల సంచీ. రెండో చేతిలో నల్ల గొడుగు, దాని నడుముకి నలుపు తెలుపు చారల గుడ్డ చుట్టి. అది మధ్యవర్తి గొడుగు. పెళ్ళిళ్ళకి తప్ప బయటికి తియ్యడు.

"మామయ్యా, వాన లేదు. ఎండా లేదు."

"పిల్ల తరఫున మాట్లాడ్డానికి వెళ్తూ గొడుగు లేకుండానా?"

"అక్కడ పెళ్ళి కాదు కదా."

"పిల్లని వేరేవాళ్ళ చేతుల్లో పెట్టడమేగా. ఏంటి తేడా? నడుపు."

స్కూలు నడవాలో గోడకి పొడుగ్గా ఒక అద్దాల చట్రం ఉంది. అందులో నవ్వుతున్న పిల్లల ఫొటోలు. మామయ్య ఠక్కున ఆగిపోయాడు. మధ్యలో కాయింగ్! గ్రంథాలయంలో, చేతిలో ఇంత లావు పుస్తకం తెరిచి పట్టుకుని, పేజీలోకి చూస్తోంది.

"పైన ఏం రాశారమ్మా?"

"'మన స్కూలు గర్వించే ఆసియా విద్యార్థులు' అని."

ఆయన గొడుగు చంకలో పెట్టుకుని, ఖాళీ అయిన చేతి వేళ్ళతో అద్దాన్ని ముట్టుకున్నాడు. "పుస్తకం సరిగ్గానే పట్టుకుంది" అన్నాడు. 

మిసెస్ హాల్వర్సన్ గది చిన్నది, కిటికీలో చిన్న చిన్న మొక్కలు. దోసకాయలు చూసి ఆవిడ మురిసిపోయింది, మొదటిసారే పుచ్చేసుకుంది. మామయ్య నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. నేను పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

"మీరు వచ్చినందుకు సంతోషం. నిజం చెప్పాలంటే మాకు కాయింగ్ గురించి ఎప్పుడూ దిగులు లేదు. గొడవ లేని పిల్ల. పైగా మా దగ్గర ఆసియా పిల్లల ఫలితాలు అందరికన్నా పైన ఉంటాయి. అందుకే ఈ క్లాసుకి పిలుపులు పంపేటప్పుడు ముందు వేరే పిల్లలవి చూస్తాం" అంది.

"ఏమంటోంది?" అన్నాడు మామయ్య.

"మనవాళ్ళందరూ బాగా చదువుతారంటోంది."

"ఏ మనవాళ్ళు?"

"అదే అడగబోతున్నా మామయ్యా." ఆవిడ వైపు తిరిగాను. "ఈ ఆసియా అన్నదాంట్లో ఎవరెవరున్నారండీ?"

"అంటే... ఆసియా వాళ్ళు."

"మా కాయింగ్ పేరున్న చోటే ఇండియా డాక్టరుగారి అమ్మాయి పేరుంటుంది. చైనా ప్రొఫెసరుగారి అబ్బాయి పేరుంటుంది. మంచి పిల్లలే, కష్టపడి చదువుతారు. కానీ వాళ్ళమ్మానాన్నలు డిగ్రీలు చేతపట్టుకుని విమానం దిగారు. మా అత్తయ్య ప్లాస్టిక్ సంచీతో దిగింది, అందులో క్షయ లేదని క్యాంపులో తీసిచ్చిన ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఉంది. వీళ్ళందరి మార్కులూ ఒక కుండలో పోసి గరిటె తిప్పి, పైకి తేలింది చూసి బాగుందంటే, అడుగున ఉన్నవాళ్ళు ఎలా కనబడతారు?"

గొంతు పెరిగిందని నాకే తెలిసింది. కొత్త కోడల్ని, పక్కన మామగారు, కాళ్ళు దగ్గరికి చేర్చుకుని కూర్చున్నాను.

హాల్వర్సన్ నొచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మోంగ్ పిల్లల్ని, లావో పిల్లల్ని, కంబోడియా పిల్లల్ని విడిగా చూడాలంటే మా దగ్గర విడిగా రాసే చోటే లేదు" అంది. "చోటు లేదు కాబట్టి నేనూ వెతకలేదు" అని తనే అంది.

నేను మామయ్యకి అంతా చెప్పాను. ఆయన తలూపాడు. "మంచి మనిషి. తప్పు తనమీద వేసుకుంటోంది. పెళ్ళి బల్ల దగ్గర ఇలాంటివాళ్ళతో పని తొందరగా తెముల్తుంది."

అప్పుడావిడ కుర్చీలో ముందుకి జరిగి, నేరుగా మామయ్యని చూస్తూ, "ఆ చోటు ఇంకా ఉంది. కాయింగ్‌ని చేర్చుకోమంటారా?" అంది.

నేను చెప్పాను. మామయ్య వెన్ను నిటారుగా చేశాడు. గొడుగు నిలువుగా నేల మీద ఆనించాడు. ఆ ముఖం చూడగానే ఏమవబోతోందో నాకు అర్థమైంది.

"వద్దులెండి. మీకెందుకంత శ్రమ?"

"మామయ్యా!"

"ఏం? చెప్పు."

"ఇక్కడ ఒక్కసారే అడుగుతారని మొన్ననే చెప్పానుగా!"

"చెప్పావు. పోయినసారి ఆవిడకి తెలీక తప్పు చేసింది. ఈసారి నేర్పుదాం. చెప్పమ్మా, నువ్వు దుబాసీవి కదా, నేనన్నది అన్నట్టు చెప్పు."

చెప్పాను. చెప్పి, ఆసుపత్రిలో ఎన్నడూ చెయ్యని పని చేశాను, సొంత మాట కలిపాను. "దయచేసి ఇంకోసారి అడగండి. మాలో వెంటనే ఒప్పుకోవడం మర్యాద కాదు. రెండేళ్ళ కింద కూడా ఆయన కాదన్నది ఇలాగే. మీరు మళ్ళీ అడుగుతారని వారమంతా ఫోను దగ్గరే ఉన్నారు."

 ఆ వారం ఆవిడ కళ్ళముందు కదిలినట్టుంది. గొంతు సవరించుకుని, మామయ్యని మా ఇంటిపేరుతో పిలిచింది.

"మిస్టర్ హెర్, మాకు శ్రమేమీ లేదు. కాయింగ్‌ని పంపండి."

నేను చెప్పాను. మామయ్య సంతోషంగా తల అడ్డంగా ఊపాడు. "అబ్బే, మీకూ ఇల్లూ పిల్లలూ ఉంటారు. మా పిల్ల బరువు మీకెందుకు?"

ఈసారి నేనేమీ కలపలేదు. కలపాల్సిన పని రాలేదు. ఆవిడ లేచింది. బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, మామయ్య పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళు ఆయన వైపు తిప్పి కూర్చుంది, ఎవరో నేర్పినట్టు.

"మిస్టర్ హెర్, మీ అమ్మాయి ఆ క్లాసులో ఉండాలని నేను కోరుకుంటున్నాను. రెండేళ్ళ కిందటే మళ్ళీ ఫోన్ చెయ్యాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను. పంపించండి."

ఒక్క మాట పోకుండా మామయ్యకి చెప్పాను. 

మామయ్య గొడుగుని గోడకి చేరవేసి, రెండు చేతులూ కలిపి వంగాడు. "పెద్దవారు మూడుసార్లు అడిగాక కాదంటే బాగుండదు. అలాగే కానివ్వండి" అన్నాడు. ఆపైన నాకు మాత్రమే వినబడేలా, "చూశావా? తొందరగానే నేర్చుకుంది" అన్నాడు.

ఆ నిమిషం నాకెంత బాగుందో ఎలా చెప్పను? కిటికీలో మొక్కల మీద ఎండ పడుతోంది. రాత్రి ఫెంగ్‌కి ఇదంతా ఆడి చూపించాలి, మామయ్యలా నేనూ, హాల్వర్సన్‌లా అత్తయ్యా. కాయింగ్ మొదట నా మీద కోప్పడుతుంది. వారం మాట్లాడదేమో. కానీ డిప్లొమా రోజున ఆ నల్ల టోపీ పెట్టుకుని...

"కాయింగ్‌ని పిలిపిస్తాను. తనకీ మీ ముందే చెబుదాం" అంటూ హాల్వర్సన్ ఫోను తీసింది. ఏదో విని, "సరిగ్గా చూడండి" అంది. మళ్ళీ విని ఫోను పెట్టేసింది.

కాసేపటికి తలుపు దగ్గర ఒక లావుపాటి ఆవిడ నిలబడింది. పిల్లల హాజరు చూసే మనిషి. మెడలో తాళాల గుత్తి.

"కాయింగ్ హెర్ ఇవాళ రాలేదు. నిన్నా రాలేదు. మొన్నా లేదు. బడి తెరిచాక మొదటి వారమే వచ్చింది."

"అలా కాదండీ, ఇందాక నేనే దించాను" అన్నాను. మెట్ల దగ్గర చెయ్యూపడం కళ్ళముందు మెదిలింది. నా కారు మలుపు తిరిగేదాకా నిలబడి చెయ్యూపడం. మలుపు తిరిగాక అది ఎటు వెళ్తుందో నేనెప్పుడు చూశాను?

"సెలవు చెప్పకుండా మానలేదులెండి. ఇంటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ వస్తోంది. వాళ్ళ నాన్నకి గుండె ఆపరేషన్ అయిందట కదా, పిల్ల దగ్గరుండి చూసుకోవాలని" అంటూ ఆవిడ జాలిగా మామయ్య వైపు చూసి ఆగిపోయింది. ఎండకి ఎర్రబడ్డ బుగ్గలతో, సూటులో, గుండ్రాయిలా కూర్చున్న మామయ్య వైపు.

హాల్వర్సన్ నన్ను చూసింది. నేను హాజరావిడని చూశాను.

"ఎవరు చేస్తున్నారు ఆ ఫోన్?"

"వాళ్ళన్నయ్య. ఎంత మర్యాదస్తుడో. రోజూ నన్ను ఎలా ఉన్నారని అడిగి గానీ విషయానికి రాడు" అంది ఆవిడ నవ్వుతూ. "ఫెంగ్. ఫెంగ్ హెర్."

అంతవరకూ ఇంగ్లీషుని వానచప్పుడులా వింటూ ప్రశాంతంగా కూర్చున్న మామయ్య తలెత్తాడు.

"మావాడి పేరు అందిగా ఇప్పుడు?" అన్నాడు. "వాడి ఊసెందుకు వచ్చిందమ్మా ఇక్కడ? ఏమంటోంది?"

చెప్పాల్సిన మాటలన్నీ నా నోట్లోనే ఉన్నాయి, రెండు భాషల్లోనూ. ముగ్గురూ నా నోటి వంకే చూస్తున్నారు.